కడుపుమంట వేరు, కడుపు మండడం వేరు

మనసుకు తగిలిన దెబ్బకూ, మనసులో దాచుకున్న విషానికీ ఇంగ్లీషులో ఉన్నన్ని మాటలు తెలుగులో లేవన్న వాదం తరచుగా వింటూ ఉంటాను. ఈ వాదం చేసేవారు ముందుగా ఒక జాబితా చదువుతారు. రిజెంట్‌మెంట్, గ్రజ్, రాంకర్, స్పైట్, మాలిస్, ఎన్వీ, పీక్, అంబ్రేజ్, డడ్జియన్, ఇల్‌విల్. చదివాక ఒక నిట్టూర్పు. "వీటన్నిటికీ కలిపి మనకున్నవి ద్వేషం, పగ, అసూయ. అంతేగా?" అని ఒక ప్రశ్న. ఆ పైన రెండు పరిష్కారాలు. మొదటి పక్షంవారు ఇంగ్లీషు మాటలను ఉన్నవున్నట్టు దించుకుందామంటారు. రెండో పక్షంవారు ఒక్కో ఇంగ్లీషు మాటకు ఒక్కో సంస్కృత సమాసాన్ని తయారుచేసి జత కడదామంటారు.

ఈ రెండు పక్షాలతోనూ నాకు పేచీ ఉంది. ఇద్దరూ ఈ మాటలను భావాల పేర్లుగా చూస్తున్నారు, మామిడి, జామ, సపోటా అన్నట్టు. ఒక పండుకు మన దగ్గర పేరు లేకపోతే తెచ్చుకోవచ్చు. కానీ ఇవి తీర్పులు. ఒకడు మరొకడి మీద కోపంగా ఉన్నాడనుకోండి. ఆ కోపాన్ని అక్కసు అన్నామా, తప్పు కోపగించినవాడిదేనని తేల్చేశాం. ఆగ్రహం అన్నామా, దానికేదో కారణం ఉందని ఒప్పుకున్నాం. అలక అన్నామా, ఎవరో ఒకరు వెళ్ళి బతిమాలవలసి ఉందని చెప్పాం. సాక్ష్యం వినకముందే, మాట ఎంచుకున్న క్షణంలోనే, సగం తగవు తీర్చేశాం. తాను తీర్పు చెబుతున్నానన్న ఎరుక లేని న్యాయాధికారి ఎంత ప్రమాదకారో, ఈ మాటలను నిఘంటువు చూసి యాంత్రికంగా మార్చే అనువాదకుడూ అంతే ప్రమాదకారి.

ముందుగా ఆ జాబితా సంగతి చూద్దాం. ఎంతో సూక్ష్మమైనవని మనం చేతులు జోడించే ఆ మాటల పుట్టుక చూస్తే, అవి చాలా సాదాసీదా ఇళ్ళలో పుట్టినవి. రాంకర్‌కు మూలమైన లాటిన్ మాటకు కుళ్ళు కంపు అని అర్థం. పాతబడి వాసన కొట్టే నెయ్యికి ఇంగ్లీషువారు వాడే రాన్సిడ్ అన్న మాట దీనికి తోబుట్టువు. పీక్ అంటే ఫ్రెంచివారి ముల్లు గుచ్చుకోవడం. అంబ్రేజ్ అంటే లాటిన్‌లో నీడ. స్పైట్ అన్నది డిస్పైట్ అన్న మాటకు తల తెగిన రూపం, దాని మూలార్థం కిందికి చూడడం, చిన్నచూపు. గ్రజ్ పాత ఫ్రెంచిలో గొణుగుడు. ఎన్వీకి మూలమైన లాటిన్ క్రియకు చెడు చూపు చూడడమని అర్థం. మనవాళ్ళకు ఎదుటివాడి బాగు చూస్తే కన్ను కుట్టలేదూ? కళ్ళల్లో నిప్పులు పోసుకోలేదూ? రోములోనూ రాజమండ్రిలోనూ ఈ జబ్బు కంటితోనే మొదలైంది. ఇక డడ్జియన్ సంగతి మరీ విచిత్రం. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇంగ్లీషు నిఘంటుకర్తలే చెప్పలేరు.

ఇంకొక సంగతి గమనించారా? ఈ జాబితాలో ఇంగ్లీషువాడి సొంత సొమ్ము ఎంత? రాంకర్, మాలిస్, స్పైట్, గ్రజ్, ఎన్వీ, పీక్, అంబ్రేజ్, రిజెంట్‌మెంట్ అన్నీ ఫ్రెంచి దారిన వచ్చినవే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి ఏలినవారి భాష అయింది, మాటలు దిగుమతి కావడం మొదలయింది. చివరకు ఇల్‌విల్‌లోని ఇల్ కూడా ఉత్తరాది సముద్రాలు దాటి వచ్చిన నార్సు భాషామాట. కోపానికి వాడే యాంగర్ కూడా ఆ ఓడల్లో వచ్చినదే. అంటే ఇన్నేళ్ళుగా మనం ఆంగ్లసంపద అని మురిసిపోతున్నది అప్పుల పద్దు. తప్పేమీ లేదు. మనమూ ద్వేషం, ఈర్ష్య, అసూయ, వైరం, మాత్సర్యం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. పక్కన మన పగ, కసి, కినుక, అలక ఉండనే ఉన్నాయి. తెచ్చుకున్నవాటిని కూడా మన మర్యాద ప్రకారం మార్చుకున్నాం. సంస్కృతంలో నిష్ఠురం అంటే కఠినం, క్రూరం. మనం దానిని దీర్ఘం చేసి, అయినవాడి ముఖాన చెప్పే మనసు కష్టంగా మార్చుకున్నాం. సంస్కృతంలో కార్పణ్యం అంటే దీనత్వం, పిసినారితనం. మన ఊళ్ళలో కక్షలూ కార్పణ్యాలూ అంటే తలలు పగలడమే.

తెలుగులో మాటలు లేవంటారా? చిన్నబుచ్చుకోవడం ఉంది, నొచ్చుకోవడం ఉంది. ఎవరికీ చెప్పకుండా మనసు కష్టపెట్టుకోవడం ఉంది. స్నేహితుల మధ్య పొరపొచ్చాలున్నాయి, అన్నదమ్ముల మధ్య మనస్పర్ధలున్నాయి. ఎడమొహం పెడమొహం ఉంది. గెలవలేనివాడి కళ్ళనీళ్ళతో కలిసి వచ్చే ఉక్రోషం ఉంది. ఒకరి బాగు తలచుకున్నప్పుడల్లా లోపల రగిలే దుగ్ధ ఉంది. నోటితో కొట్టే అక్కసు ఉంది, అవకాశం కోసం కాచుకునే కక్ష ఉంది, పాములా బట్టే పగ ఉంది. ఈర్ష్యకూ అసూయకూ తేడా లేదనుకునేవారు అమరకోశం తిరగేయండి. ఎదుటివాడి ఉన్నతిని ఓర్వలేకపోవడం ఈర్ష్య, అతడి గుణాలకు కూడా దోషాలు అంటగట్టడం అసూయ. ఓర్వలేనివాడు తనను తాను కాల్చుకుంటాడు, అసూయాపరుడు ఎదుటివాడికి మసి పూస్తాడు. ఈ రెండింటినీ కలిపేసి, మనకు మాటలు లేవని ఏడవడం ఏం న్యాయం?

అలకకయితే మనం ఒక మంచమే వేశాం! పెళ్ళిలో అల్లుడు అలకపాన్పు ఎక్కడమూ, మామగారు కోరినదిచ్చి దింపడమూ మనకు వేడుక. (ఆ వేడుక పేరిట ఆడపిల్ల తండ్రిని పిండిన కథలూ ఉన్నాయి. వాటిని సమర్థించడం లేదు.) కైకేయికి కోపగృహం ఉంది. పారిజాతాపహరణంలో నంది తిమ్మన ఒక పువ్వు మీద వచ్చిన అలకతో కావ్యమే నడిపించాడు. సత్యభామ కాలు కృష్ణుడి తల మీద పడ్డా ఆ కావ్యంలో యుద్ధం భార్యాభర్తల మధ్య రాలేదు, పువ్వు కోసం స్వర్గంతో వచ్చింది.

మన మాటల్లో దాగిన ఒక క్రియను చూడండి. తీరడం. అలక తీరుతుంది, కసి తీరుతుంది, పగ తీరుతుంది. అప్పు తీరుతుంది, ఆకలి తీరుతుంది అన్నట్టే. మనసుకు తగిలిన దెబ్బను తెలుగువాడు ఒక బాకీగా లెక్కగట్టాడు. పైగా ఎవరు తీర్చాలో కూడా చెప్పాడు. అలక తీర్చేది ఎదుటివాడు, పగ తీర్చుకునేది తానే. ఒక్క 'కొను' చేరికతో మంచం దిగి కత్తి పట్టినంత తేడా వచ్చింది.

ఇక్కడ మొదటి పక్షంవారికి ఒక మాట. మీరు దించుకున్న ఇంగ్లీషును మీరనుకున్నట్టుగా ఈ భాష ఉంచదు. రిజెంట్ అన్న క్రియకు మూలమైన ఫ్రెంచి మాటకు 'గట్టిగా అనుభవించు', 'మళ్ళీ అనుభవించు' అనే అర్థాలున్నాయి. పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషులో మేలు చేసినవాడి పట్ల కృతజ్ఞతను కూడా 'రిజెంట్' చేయగలిగేవారు. పోను పోను మంచి అనుభూతులన్నీ జారిపోయి, చేదు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు మన 'ఫీలవ్వడం' చూడండి. ఇంగ్లీషులో ఫీల్ అంటే ఏదైనా అనుభవించడం. తెలుగులో "వాడు ఫీలయ్యాడు" అంటే నొచ్చుకున్నాడనే. ఇంగ్లీషువారు ఒక ఫ్రెంచి క్రియకు చేసిన పనినే మనవాళ్ళు ఇంగ్లీషు క్రియకు చేశారు. సంస్కృతంలో వేదన అంటే ముందు ఏదైనా ఎరుక, అనుభూతి. అదీ చివరకు నొప్పి దగ్గరే ఆగింది. మనిషి ఏ భాషలోనైనా అనుభూతి అనగానే గాయాన్నే ముందు తడుముకుంటాడేమో!

సరే, లెక్క సరిపోయింది, మనకూ మాటలున్నాయి అని తృప్తిపడి ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ నా అసలు ఫిర్యాదు ఇప్పుడే మొదలవుతుంది. మాటలు లేవన్న అపోహ వల్ల మనం రెండు పెద్ద తప్పుడు తీర్పులు చెబుతున్నాం.

మొదటిది రిజెంట్‌మెంట్ విషయంలో. ఈ మాటకు ఇంగ్లీషులో ఒక గౌరవమైన చరిత్ర ఉంది. 1726లో అచ్చయిన తన ప్రసంగాల్లో జోసెఫ్ బట్లర్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఒక ప్రసంగాన్ని దీనికే కేటాయించాడు. అన్యాయాన్ని చూసి నిలకడగా రగిలే కోపం మనిషికి అవసరమైనదే అన్నాడు. అది మాలిస్‌గా, ప్రతీకారంగా మారితేనే దోషమన్నాడు. 1759లో ఆడం స్మిత్ మరో మెట్టు పైకెళ్ళి, ఈ భావం న్యాయానికి కాపలా కాస్తుందన్నాడు. దీనికి ఎదురు వాదం నీచ్చేది. 1887లో వచ్చిన పుస్తకంలో అతడు బలహీనుడు తన చేతకానితనాన్నే నీతిగా మార్చుకుంటాడని, దాని వెనుక ఉన్నది ఈ విషమేనని తేల్చాడు. దాన్ని చెప్పడానికి తన జర్మన్ మాటను కాక ఫ్రెంచి మాటనే వాడుకున్నాడు. అరువు తెచ్చుకున్నందుకు జర్మన్ భాష పేదదని ఎవరూ అనలేదు, అది వేరే సంగతి. నేను చెప్పదలచింది ఇది: ఆ ఒక్క మాట మీద పడమటి దేశాల్లో పెద్ద వ్యాజ్యమే నడిచింది. అన్యాయానికి గురైనవాడి కోపం హక్కా, రోగమా అన్నదే ఆ వ్యాజ్యం.

ఆ వ్యాజ్యం ఒకటున్నదని తెలియకుండా మనం ఆ మాటను తెలుగు చేస్తాం. కౌలుదార్లకు భూస్వాముల మీద ఉన్న రిజెంట్‌మెంట్ అన్నచోట 'అసూయ' అని రాసిన అనువాదం చదివాను. మరోచోట 'అక్కసు' చూశాను. అయ్యా, తెలంగాణ పల్లెల్లో 1946కు ముందు దొర గడీలో కూలి లేకుండా వెట్టి చేసిన మనిషికి దొర మీద ఉన్నది అసూయా? దొర గుణాలకు అతడు దోషాలు అంటగట్టాడా? 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటాన్ని అక్కసు అన్న ఒక్క మాటతో చుట్టి అటకెక్కించవచ్చా? అనువాదకుడికి దురుద్దేశం లేకపోవచ్చు. కానీ అతడి కలం దొర పక్షాన సాక్ష్యం చెప్పి వచ్చింది.

దీనికి తెలుగు లేదనకండి. ఉంది, మనం రోజూ వాడుతున్నదే. కడుపుమంట అంటే ఓర్వలేనితనం. "నీకెందుకు కడుపుమంట?" అంటే అది తిట్టు. కానీ అదే మాటను క్రియగా మార్చి చూడండి. "కడుపు మండి మాట్లాడుతున్నాను" అంటే దానిని ఎవరూ అసూయ అనరు. ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టక, మదనపల్లె దగ్గర టమాటాలు రోడ్డు మీద పారబోసే రైతు కడుపు మండినవాడు. అతడిది కడుపుమంట అన్న నోరు పుచ్చిపోతుంది. అవే రెండు మాటలు. నామవాచకంగా ఉన్నప్పుడు దోషం కోపగించినవాడిది, క్రియగా ఉన్నప్పుడు దోషం మండించినవాడిది. బట్లరుకూ నీచ్చేకూ మధ్య ఉన్న వ్యాజ్యాన్ని మన భాష ఒక చిన్న మలుపులో ఇమిడ్చి పెట్టుకుంది. వెతకనివాడికి కనబడకపోతే భాషది కాదు తప్పు.

రెండో తప్పుడు తీర్పు ఇంకా పెద్దది. అది న్యాయస్థానాల దాకా వెళ్ళింది.

మన దేశంలో ఇంగ్లీషు కోపపు మాటలు నిఘంటువులో ఊరికే కూర్చోలేదు. మనుషులను జైళ్ళకు పంపాయి. 1897లో బొంబాయి హైకోర్టులో తిలక్ మీద రాజద్రోహం కేసు నడిచినప్పుడు తగవంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది. డిసఫెక్షన్. అంటే ఏమిటి? జస్టిస్ స్ట్రాచీ దాన్ని ప్రేమ లేకపోవడంగా వివరించి, ప్రభుత్వం పట్ల ద్వేషం, వైరం, అయిష్టం, తిరస్కారం, ఇల్‌విల్ ఏ రూపంలో ఉన్నా అందులోకే వస్తుందని జూరీకి బోధించాడు. తిలక్‌కు పద్దెనిమిది నెలల శిక్ష పడింది. మరుసటి ఏడు, 1898లో, చట్టాన్నే ఆ అర్థానికి తగినట్టు సవరించారు. తెల్లదొర మీద ప్రేమ లేకపోవడమే నేరమయింది. 1922లో అదే సెక్షను కింద నిలబడిన గాంధీజీ, ప్రేమ చట్టం చేస్తే పుట్టేది కాదని న్యాయమూర్తి ముఖానే చెప్పి ఆరేళ్ళ శిక్ష తీసుకున్నాడు. పర్యాయపదాలతో ఆడుకోవడం పండితుల కాలక్షేపం అనుకునేవారు ఈ రెండు కేసులను గుర్తుంచుకోవాలి.

ఇక మనోభావాల సంగతి. 1927లో, ఒక మతప్రవక్తను కించపరచే పుస్తకం అచ్చువేసిన ప్రచురణకర్తను, అప్పటికి ఉన్న 153ఎ సెక్షను ఆ పనికి వర్తించదని లాహోరు హైకోర్టు విడుదల చేసింది. గొడవలు చెలరేగాయి. అదే ఏడు ప్రభుత్వం శిక్షాస్మృతిలో 295ఎ చేర్చింది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చాక అది 299వ సెక్షనుగా కొనసాగుతున్నది. ఆ సెక్షను ఏమంటున్నది? ఎవరైనా నొచ్చుకుంటే చాలు, నేరమే అంటున్నదా? లేదు. మతభావాలను గాయపరచాలన్న ఉద్దేశం కావాలని పెట్టుకున్నదై ఉండాలి, మాలిస్‌తో కూడినదై ఉండాలి అంటున్నది. 1957లో రాంజీలాల్ మోడీ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షనును నిలబెడుతూ చెప్పిన కారణం కూడా ఇదే. ఏ అవమానమైనా నేరం కాదు, కావాలని దురుద్దేశంతో చేసినది మాత్రమే నేరం.

అంటే ఆ చట్టంలో రెండు పళ్ళేలున్నాయి. ఒక దానిలో విన్నవాడి నొప్పి, మరొక దానిలో అన్నవాడి దురుద్దేశం. మనం తెలుగులోకి తెచ్చుకున్నదేమిటి? "మా మనోభావాలు దెబ్బతిన్నాయి." ఒక పళ్ళెమే తెచ్చుకున్నాం! మాలిస్‌ను పొలిమేరలోనే వదిలేసి వచ్చాం. పత్రికల్లో, ఫిర్యాదుల్లో, టీవీ చర్చల్లో ఇప్పుడు ఎక్కడా అన్నవాడి ఉద్దేశం ప్రసక్తే రాదు. దెబ్బతిన్నాయా లేదా, అంతే. దెబ్బ తిన్నానని చెప్పేవాడే సాక్షి, వాడే వైద్యుడు, వాడే న్యాయమూర్తి.

తెలుగు నుడికారం ఇంత అన్యాయానికి ఒప్పుకోదు. నొప్పించడం వేరు, నొచ్చుకోవడం వేరు. నొప్పించినవాడు దోషి కావచ్చు. ఒకడు నొచ్చుకున్నాడు కాబట్టి మరొకడు నొప్పించాడని రుజువు కాదు. ఎదుటివారి మనసు కష్టపెట్టకపోవడం ఎంత ధర్మమో, అయినదానికీ కానిదానికీ తన మనసు కష్టపెట్టుకోకపోవడమూ అంతే ధర్మమని సుమతీ శతకం మనకు పలక పట్టిన వయసులోనే చెప్పింది. ఆ రెండో ధర్మాన్ని మనోభావాలు అన్న మాట మింగేసింది. పైగా, ముందు చెప్పిన క్రియను దీనికి తగిలించి చూడండి. అలక తీరింది అంటాం, పగ తీరింది అంటాం. "మనోభావాలు తీరాయి" అని ఎవరైనా అనగా విన్నారా? తీరే మార్గమే లేని గాయం అది. అంత నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలన్న జాతి మనది. నిష్ఠూరమాడాలంటే ఎదురుగా కూర్చోవాలి, జవాబు వినాలి. మనోభావాలకు ఆ శ్రమ లేదు. నేరుగా ఠాణాకు వెళ్ళవచ్చు.

ఇది మాటల పట్టింపు మాత్రమే అనేవారికి పొరుగున జరిగినదే చెబుతాను. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 2010లో రాసిన మాదొరుబాగన్ నవల మీద నాలుగేళ్ళ తర్వాత గొడవ రేగింది. తమ భావాలు గాయపడ్డాయన్నవారి ఒత్తిడికి తల ఒగ్గి, 2015 జనవరిలో, రచయిత పెరుమాళ్ మురుగన్ చనిపోయాడని ఆయనే ప్రకటించుకున్నాడు. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, రాయమని ప్రోత్సహించేదాకా ఆ కలం మూగబోయింది. ఆయనలో మాలిస్ ఉన్నదా అన్న ప్రశ్న ముందే గట్టిగా అడిగి ఉంటే ఆ ఏడాదిన్నర ఆయనకు దక్కేది.

నాకు ఎదురు చెప్పేవారు ఏమంటారో ఊహించగలను. "తెలుగు మాటలన్నీ పుణ్యాత్ములన్నట్టు రాస్తున్నావు. అలక ఎవరి సొత్తు? అల్లుడిది, రాణిది. పాలేరు అలిగితే బతిమాలేదెవరు?" నిజమే. అలక ప్రేమించేవాళ్ళున్నవాడి సొత్తు. పాలేరు కోపానికి ఊరి పెద్దలు పెట్టిన పేరు పొగరు. అందుకే ఈ మాటలు తీర్పులని మొదటినుంచీ అంటున్నాను. తెలుగు మాటయినా, ఇంగ్లీషు మాటయినా, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరికి పెట్టారు అని అడగనిదే వాడకూడదు. మన మాట అయినంత మాత్రాన దానికి ఆ పరీక్ష తప్పదు.

రాసేవారికి, అనువదించేవారికి నేను చెప్పేది ఇంతే. ఇంగ్లీషు కోపపు మాట ఒకటి ఎదురైనప్పుడు నిఘంటువు తెరవడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కోపానికి కారణం నిజంగా ఉందా? దీన్ని తీర్చవలసినవాడు ఎవడు? ఈ మాట వాడితే తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? జవాబు దొరికితే తెలుగు మాట దానంతటదే వస్తుంది. కౌలుదారుకు కడుపు మండింది, పక్కింటివాడికి కన్ను కుట్టింది, స్నేహితుడు చిన్నబుచ్చుకున్నాడు, ఓడినవాడు ఉక్రోషపడ్డాడు. వీటిలో దేనినీ కొత్తగా తయారు చేయనక్కర్లేదు.

మనోభావాలు అన్న మాటను మాత్రం నేను నా రాతలో వాడను. ఎవరైనా తమవి దెబ్బతిన్నాయంటే, "నొప్పించారా, నొచ్చుకున్నారా?" అని అడుగుతాను. ఆ ప్రశ్నకు ఎవరైనా నొచ్చుకుంటే, వచ్చి నిష్ఠూరమాడమనండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి వింటాను.